అరగని రబ్బరు

తొంభై ఏడు పేజీల్లో తొంభై ఆరింటికి సుగుణరత్నం మేడం పొట్టి సంతకం పెట్టింది. నలభై ఒకటో పేజీకి పెట్టలేదు.

భానోజీ కట్టంతా రెండుసార్లు తిరగేశాడు. రెండు కాగితాలు అంటుకుపోయాయేమోనని వేలితో తడిమి చూశాడు. అంటుకోలేదు. మిగతా అన్ని పేజీలకీ ఎర్రసిరా ఉన్నచోట, కుడిమూల అడుగున, ఆ ఒక్క పేజీకి తెల్లగా ఉంది.

"మేడం, ఇదొక్కటి మర్చిపోయారు."

"మర్చిపోలేదు," అంది మేడం, కళ్ళజోడు తుడుచుకుంటూ.

కాకినాడలో ఆమె ముప్ఫై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. కంప్యూటర్లొచ్చి మిషన్లు మూలపడ్డాక, ఎవరో పాత విద్యార్థి వదిలేసి పోయిన ఆటపుస్తకం ఒకటి ఆసాంతం చదివింది. మిషన్లన్నీ గోడవారకి జరిపించి, గది మధ్య పెద్ద బల్ల వేయించి, ఆదివారాలు కథల ఆట మొదలుపెట్టింది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగత్తె. ఆట నడిపే మనిషి "ఎదురుగా కోట ఉంది, ఏం చేస్తావు?" అని అడుగుతుంది. ఏం చేస్తారో వాళ్ళు చెప్తారు. ఆ పని అయిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అంకె ఎంత పెద్దది పడితే అంత మేలు. ఒంట్లో బలం ఎంత మిగిలింది, చేతిలో ఏముంది అన్నవి పాత్ర కాగితం మీద పెన్సిలుతో రాసుకుంటారు. మారినప్పుడల్లా చెరిపి మళ్ళీ రాసుకుంటారు.

ఆ బల్ల దగ్గర భానోజీది ఆరేళ్ళ శిష్యరికం. మూడేళ్ళు కష్టపడి సొంతంగా ఒక ఆట రాశాడు. దాని పేరు 'ఏడు కోటల దారి'. సోమవారం పొద్దున్న అది ప్రెస్సుకి వెళ్ళాలి. మేడం సంతకం లేని పేజీ అచ్చు కాకూడదని అతను తనకు తానే ఒట్టు పెట్టుకున్నాడు. తొంభై ఆరు పేజీలు గట్టెక్కాయి. అన్నిటికన్నా బాగా వచ్చిందని తను అనుకున్న పేజీ మాత్రం గట్టెక్కలేదు.

ఆ పేజీలో ఉన్న పాత్ర పేరు ధాత్రి.

పుస్తకం మొత్తానికి రంగుల్లో వేయించిన బొమ్మ ఆమెదొక్కటే. ధాత్రి చేతులు ప్రాణం పోసే చేతులు కనుక ఆయుధం ముట్టవు. శత్రువు సైతం ఆమెను గౌరవిస్తాడు కనుక ఆమె మీద దెబ్బ వెయ్యడు. తోటివాళ్ళకి తగిలిన దెబ్బని ఆమె తనమీదికి తీసుకోగలదు. మిగతా పాత్రల బలానికి అంకెలున్నాయి. కత్తివీరుడికి ముప్ఫై, దొంగకి పద్దెనిమిది. ధాత్రి సహనానికి అంకె లేదు. ఆ గడిలో 'అపారం' అని రాసుకోవాలి. ఈ ఒక్క ఆలోచన తట్టిన రోజు భానోజీ రెండు కప్పుల టీ ఎక్కువ తాగాడు.

మూడుసార్లు ఈ ఆట ఆడి చూశారు. మూడుసార్లూ ధాత్రిని ఎవరూ తీసుకోలేదు.

"ఆ పాత్ర లోతు అందరికీ అందదు," అన్నాడు భానోజీ అప్పట్లో.

"లోతు సరేనయ్యా, దిగడానికి మెట్లు కట్టావా?" అంది హైమ. ఆమె రక్తపరీక్షల లాబ్‌లో పనిచేస్తుంది. సూదీ మాటా ఒకే చేత్తో గుచ్చుతుంది. ఆ రోజు భానోజీ ఆమెకి జవాబు చెప్పనక్కర్లేదనుకున్నాడు.

"ఏం తప్పుంది మేడం ఇందులో?" అన్నాడిప్పుడు.

"అక్షరం తప్పు కూడా లేదు. ఎవరీవిడ?"

"మా అమ్మ. నాన్న పోయాక నన్నూ చెల్లినీ ఒంటిచేత్తో పెంచింది. ఒక్కరోజు విసుక్కోలేదు. ఒక్కరోజు గొంతు పెంచలేదు. ఆవిణ్ణి చూసే రాశాను. పుస్తకం కూడా అమ్మకే అంకితం."

మేడం ఆ పేజీని మళ్ళీ ఒకసారి చదివింది.

"రేపు పదింటికి ఆవిణ్ణి తీసుకురా. ఆడిద్దాం."

భానోజీకి నవ్వొచ్చింది. "అమ్మా? ఆడదు మేడం. ఇవన్నీ అమ్మకి ఏం తెలుస్తాయి?"

"నువ్వడిగావా?"

అతను అడగలేదు.

ఆదివారం పదికి ఇంకా పది నిమిషాలుండగానే వరహాలమ్మ మెట్లెక్కి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు బస్సు కండక్టరుగా చేసి కిందటేడే రిటైరైంది. గుమ్మంలో ఆగి అలవాటుగా తలకాయలు లెక్కపెట్టింది. మేడం, హైమ, మందులషాపు షకీల్, కొడుకు.

"నలుగురు. నాతో అయిదు. సీట్లు సరిపోతాయి," అని కూర్చుంది.

మేడం బిస్కెట్ డబ్బా మూత తీసింది. ఆ గదిలో ప్రతి ఆటకీ ఇదొక తంతు. తలా ఒక పెన్సిలు, తలా ఒక కొత్త రబ్బరు. ఆట అయ్యాక రబ్బర్లు తిరిగి ఇచ్చెయ్యాలి. ఆమె వాటిని వరసగా పేర్చి కాసేపు చూసి లోపల పెట్టేస్తుంది. ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత తప్పులు దిద్దించిన మనిషి చాదస్తం అనుకునేవాడు భానోజీ. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

తర్వాత నాలుగు పాత్ర కాగితాలు బల్లమీద పరిచింది. కత్తివీరుడు, మంత్రగత్తె, దొంగ, ధాత్రి.

"కొత్తవాళ్ళు ముందు తీసుకుంటారు," అంది. "ఆట రాసినవాళ్ళు ఆఖర్న." ఆ మాట గోడమీద కూడా టైపు కొట్టి అంటించి ఉంది.

భానోజీ ధాత్రి కాగితాన్ని వేలితో మెల్లగా అమ్మ ముందుకి జరిపాడు. వరహాలమ్మ బొమ్మ చూసింది.

"నాలాగే ఉందిరా. ముక్కుపుడక కూడా దించేశారు."

"నిన్ను చూపించే గీయించానమ్మా. చదువు."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివింది. వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ ముందుకి తిప్పింది.

"ఇందులో నా బస్సేదిరా?"

"ఇది రాజుల కాలం కథమ్మా. అప్పుడు బస్సులెక్కడివి?"

"ఊఁ," అని కాగితం జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టేసింది. దొంగ కాగితం తీసుకుంది.

"అమ్మా! అది దొంగే!"

"చదువొచ్చు నాకు. ఇరవై నాలుగేళ్ళు టికెట్ లేనివాళ్ళని పట్టుకున్నాను. ఒక్కపూట నేను ఎక్కి చూస్తాను."

హైమ పకపకా నవ్వి మంత్రగత్తెని తీసుకుంది. షకీల్ కత్తివీరుణ్ణి తీసుకున్నాడు. బల్లమీద ఒక్క కాగితం మిగిలింది. భానోజీ దాన్ని దగ్గరికి లాక్కుని, సహనం గడిలో పెన్సిలుతో 'అపారం' అని గుండ్రంగా రాశాడు. మంచిదే అనుకున్నాడు. ధాత్రి ఏమిటో ఇవాళ తనే చూపిస్తాడు.

మొదటి కోట దాటి రెండో కోటకి వచ్చారు. తలుపుకి తాళం ఉంది. ముందు ఇద్దరు కాపలావాళ్ళు నిలబడి ఉన్నారు. తాళాలు ఒకడి నడుముకి వేలాడుతున్నాయి.

"దొంగగారూ, ఏం చేస్తారు?" అని అడిగింది మేడం.

"వాళ్ళు పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నారాండి?"

మేడం క్షణం ఆలోచించింది. "నిలబడే ఉన్నారు."

"అయితే మోకాళ్ళు పట్టేసి ఉంటాయి. ఒక బెంచీ మోసుకెళ్ళి వాళ్ళ వెనకాల పెడతాను. కూచోమని చెప్పను. చెప్తే అనుమానం. పెట్టేసి వచ్చేస్తాను, అంతే. కాసేపటికి వాళ్ళే కూలబడతారు. కూచున్నాక ఆ తాళాలగుత్తి తొడకి గుచ్చుకుంటుంది. తీసి పక్కన పెడతాడు."

షకీల్ చేతిలో టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. మేడం పాచిక ఆమె ముందుకి తోసింది. పద్దెనిమిది పడింది. వరహాలమ్మ తన కాగితం మీద 'చేతిలో ఏమీ లేదు' అన్నది రుద్ది చెరిపి, 'తాళాలు' అని రాసుకుంది.

"ధాత్రీ, నీ వంతు," అంది మేడం. ఆట నడుస్తున్నంతసేపూ ఆమె పాత్రని పిలుస్తుంది గానీ మనిషిని పిలవదు.

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అన్నాడు భానోజీ.

"లేదు," అన్నారు ముగ్గురూ.

"అయితే... పక్కన ఉంటాను."

"ఉండమ్మా."

కోటలోపలికి వెళ్ళారు. హైమ గోడమీద మంటలు పుట్టించింది. వరహాలమ్మ వంటశాల కిటికీలోంచి దూరి, రాజుగారి భోజనం వేళలు కనుక్కుని వచ్చింది. షకీల్ దారిలో దొరికిన సామానంతా మూటగట్టాడు.

"ధాత్రీ, ఈ మూట కాస్త పట్టుకుంటావా? నాకు కత్తి తియ్యాలి."

భానోజీ మూట పట్టుకున్నాడు. మళ్ళీ వంతు వచ్చింది. "మూట పట్టుకునే ఉన్నాను," అన్నాడు. దాని తర్వాత వంతులో కూడా ఆ మాటే అన్నాడు. ఆ పై వంతుకి మేడమే, "నువ్వు మూట దగ్గర ఉన్నావు కదమ్మా," అని పక్కకి తిరిగింది.

పదకొండున్నరకి అసలు పోరాటం వచ్చింది. కోట దళపతి బల్లెంతో వరహాలమ్మ దొంగ మీద పడ్డాడు.

"రాయి విసురుతాను!" భానోజీ కుర్చీలో ముందుకి వంగాడు.

మేడం నలభై ఒకటో పేజీ తీసింది. "ఆయుధం ముట్టవు."

"రాయి ఆయుధమా?"

"విసిరితే ఆయుధమే."

"అయితే అడ్డం నిలబడతాను."

"శత్రువు నిన్ను గౌరవిస్తాడు. వంగి దణ్ణం పెట్టి, నీ పక్కనుంచి వెళ్ళి దొంగని పొడిచాడు. దొంగ బలంలోంచి ఏడు."

"ఆ దెబ్బ నేను తీసుకుంటాను!" ఇదిగో వచ్చింది సందర్భం. భానోజీ పెన్సిలు ఎత్తాడు. "నా సహనంలోంచి ఏడు."

"నీ సహనం ఎంత?"

"అపారం."

"అపారంలోంచి ఏడు తీస్తే?"

"అపారం."

"అయితే నువ్వు రాసుకోవలసిందేమీ లేదు. మంత్రగత్తే, నీ వంతు."

ఎత్తిన పెన్సిలు అలాగే ఉండిపోయింది.

"ఏమండీ మేడంగారూ," అంది వరహాలమ్మ, "నాకు తగిలిన దెబ్బ వాడు తీసుకునేముందు నన్నడగక్కర్లేదా?"

మేడం పేజీ మీద వేలు పెట్టి చూసింది. "అడగాలని రాసి లేదు."

"కోపం ఉందిగా నీకు!" హైమ గుర్తుచేసింది. "ఒక్కసారి వాడుకోవచ్చుగా. వాడెయ్."

ఉంది. కిందనుంచి రెండో లైను. భానోజీ తను రాసినదే పైకి చదివాడు. "ధాత్రికి జీవితంలో ఒక్కసారి కోపం వస్తుంది. కోపం వచ్చిన ధాత్రి ఇక ధాత్రి కాదు. పాత్ర అక్కడితో సమాప్తం."



"జీవితంలో ఒక్కసారా?" అంది వరహాలమ్మ. "రోజుకి నాలుగు ట్రిప్పులు తిరిగేదాన్ని. ట్రిప్పుకోసారి నేను అరవకపోతే బస్సు కదిలేదా? ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళ మీద అరవాలి. ఆడవాళ్ళ సీట్లో కూచుని నిద్ర నటించేవాళ్ళ మీద అరవాలి. ఒకణ్ణి కాలరు పట్టుకుని సామర్లకోటలో దింపాను."

"కానీ ఇంట్లో మామీద ఎప్పుడూ కోప్పడలేదు కదమ్మా?"

"ఇంటికొచ్చేసరికి అయిపోయేదిరా," అంది ఆమె మామూలుగా. తర్వాత మేడం వైపు తిరిగి, "ఆ బల్లెంవాడు ఇంకా నా ముందే ఉన్నాడాండి? ఉంటే నా ఈల ఊదుతాను. దొంగ దగ్గర ఈల ఉండకూడదని ఎక్కడా రాసి లేదుగా," అంది.

మధ్యాహ్నం రెండింటికి కోట పడింది. వరహాలమ్మ దొంగ దెబ్బలతో, మూడు తాళాలగుత్తులతో, ఒక రాజముద్రికతో బయటికి వచ్చింది. షకీల్ ఆమెకి సలాం కొట్టాడు. ధాత్రి మూట మోసుకుంటూ వెనక వచ్చింది.

మేడం రబ్బర్లు అడిగింది. నాలుగూ వచ్చాక బల్ల అంచున వరసగా పేర్చింది.

హైమది అన్నివైపులా గుండ్రంగా అరిగిపోయి ఉంది. షకీల్‌ది రెండు ముక్కలైంది. వరహాలమ్మది నల్లగా, గోరంత మిగిలింది. నాలుగోది తెల్లగా ఉంది. మూలలన్నీ పదునుగా, కంపెనీ వేసిన కాగితం పట్టీతో సహా డబ్బాలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

మేడం మూడింటినీ డబ్బాలో వేసి మూత పెట్టింది. నాలుగోదాన్ని నలభై ఒకటో పేజీ మీద పెట్టి, రెండిటినీ కలిపి భానోజీ ముందుకి జరిపింది.

"నీది కొత్తగానే ఉంది," అంది.

భానోజీ ఆ రబ్బరు వంక చూస్తూ కూర్చున్నాడు. జేబులో ఫోను మోగింది. ప్రెస్సువాళ్ళు. రేపు పొద్దున్న ఎన్నింటికి తెస్తున్నారని అడుగుతున్నారు.

"ఒక వారం ఆగండి," అన్నాడు. అవతల ఏదో గట్టిగా అన్నారు. "లేదండీ, ఆగాల్సిందే," అని పెట్టేశాడు.

తర్వాత తన పాత్ర కాగితం ముందుకి లాక్కుని, రబ్బరు పట్టీ చింపి, 'అపారం' అన్న మాటని రుద్దడం మొదలుపెట్టాడు. పొద్దున్న బాగా నొక్కి రాశాడు. చెరపడానికి చాలాసేపు పట్టింది. గడి ఖాళీ అయ్యింది.

వరహాలమ్మ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, వచ్చే ఆదివారం కూడా పదింటికేనా అని హైమని అడుగుతోంది.

"అమ్మా."

"ఏంట్రా?"

"ఇక్కడ ఎంత వెయ్యను?"

ఆమె ఒక కాలికి చెప్పుతో వెనక్కి వచ్చి కొడుకు భుజం మీదుగా గడిలోకి చూసింది.

"తక్కువే వెయ్యి," అంది. "చాలకపోతే నేను చెప్తాను."

మేడం లేచి గోడవార మిషను మీద గుడ్డ తీసి, అందులోకి నలభై ఒకటో పేజీకి కొత్త కాగితం ఎక్కించింది.