బూదమ్మ గిట్ట ముద్ర

ఈ కథలో ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెబుతానేమో. మేక మాట ముందా, గాడిద ముద్ర ముందా అని రాస్తూ రాస్తూ రెండుసార్లు ఆగాను. పిల్ల సంగతి మాత్రం మరిచిపోలేదు. అది గుర్తుంటే మిగిలినదంతా దాని వెనకే వస్తుంది.

చిట్టడవి చివర, ఏటి ఒడ్డున జంతువుల కోర్టు ఉండేది. న్యాయమూర్తి సింహం గారు. గుమాస్తా కావిరంగయ్య అనే నక్క. బంట్రోతు కాటయ్య అనే కాకి. ఎవరికైనా వాయిదా ఉందంటే ముందు రోజే కాటయ్య వాళ్ళ పొద మీదో పాక మీదో వాలి, "రేపు నీ వాయిదా, పొద్దున్నే వచ్చెయ్యి" అని చెప్పి పోయేవాడు. మర్నాడు కోర్టు గుమ్మంలో నిలబడి పేరు మూడుసార్లు పిలిచేవాడు. మూడో పిలుపుకు పలకకపోతే కేసు పోయినట్టే.

బూదమ్మ అనే ముసలి గాడిదకు ఆ కోర్టులో కేసుంది. దాని పిల్ల దూది ఎవరిదో పెసరచేలో పడి మేసిందని పట్టుకుపోయి బందెలదొడ్డిలో కట్టేశారు. వాయిదా రోజున తల్లి వచ్చి, "నా పిల్లే, ఇకమీదట కాపు కాసుకుంటాను" అంటే విడిచిపెడతారు. రాకపోతే దిక్కులేనిదని రాసి కొండ అవతల ఇటుక బట్టీలకు తోలేస్తారు. బట్టీకి పోయిన గాడిద తిరిగొచ్చిందని ఆ అడవిలో ఎవరూ వినలేదు.

ఇంతలో కోర్టుకు వెబ్‌సైటు వచ్చింది. వరండా గోడకు ఒక అద్దపు పలక బిగించారు. దాన్ని తాకితే ఎవరి కేసు ఎంతవరకు వచ్చిందో, వాయిదా ఎప్పుడో అందులో కనబడుతుందట.

సింహం గారు గుమాస్తాను పిలిచారు. "కావిరంగయ్యా, దీన్ని వాడేవాళ్ళ చేతే ముందు వాడించి చూడు. పక్కన కూర్చో. నోరు మెదపకు, చెయ్యి పెట్టకు. ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకో. వాళ్ళకు రాకపోతే కాటయ్య తిరుగుడు ఆపేది లేదు."

"చిత్తం" అన్నాడు కావిరంగయ్య. అప్పటికే సోమవారం ప్రారంభోత్సవమని ఊరంతా చెప్పి, బంతిపూల దండలు కూడా పురమాయించేశాడు.

కేసులున్న జంతువులన్నీ వరండాలో వరసగా నిలబడ్డాయి. బూదమ్మకు ముందు పోలమ్మ అనే మేక ఉంది. పోలమ్మ నోరు మంచిది కాదని పేరు.

"నీ కేసు ఏ రకమో ఎంచుకో" అన్నాడు కావిరంగయ్య.

"నాది కంచె మీద ఆకుల తగాదా. ఆ పేరు ఇందులో లేదే."

"ఇతరములు అని ఉంది చూడు. అందులోకి వస్తుంది."

"నాది ఇతరమని నాకెట్లా తెలుస్తుందయ్యా? నాకున్నది అదొక్కటే."

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. కావిరంగయ్య నవ్వలేదు.

"కింద 'నేను యంత్రాన్ని కాను' అని ఉంది. అక్కడ తాకు."

"నన్ను యంత్రమని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అది అడుగుతుంది, నువ్వు కాదని ఒప్పుకోవాలి."

ఈ మాటల్లో ఉండగానే పలక తెల్లబడిపోయింది. గడువు దాటింది, మళ్ళీ మొదలుపెట్టండి అని రెండు ముక్కలు కనబడ్డాయి. పోలమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాకు రాలేదు. రాసుకో. ఇది బాగాలేదు."

కావిరంగయ్య రాసుకుని, అందరికీ వినబడేట్టు చదివాడు. "పోలమ్మ. చూపు మందం. లెక్కలోకి రాదు."

"నా చూపుకేమైంది? నీ మీసం మీద చీమ పాకుతోంది, చూసుకో."

"తరువాత" అన్నాడు కావిరంగయ్య, మీసం దులుపుకుంటూ.

లెక్కలోకి రాదు అన్న మాట దగ్గరే బూదమ్మ మనసు ఆగిపోయింది. తల్లినే లెక్కలోంచి తీసేస్తే ఇక పిల్లను ఎవరు లెక్కచేస్తారు? కోర్టులో ఏది తప్పినా కేసుకే చుట్టుకుంటుందని దానికి చిన్నప్పటినుంచీ భయం. ఈ పలక ముందు తప్పితే దూదిని ఇవ్వరనే అనుకుంది. అక్కడ చూస్తున్నది తనను కాదని, ఆ పలకనని దానికి ఎవరూ చెప్పలేదు. కావిరంగయ్య ఆ భయం కనిపెట్టాడు. కనిపెట్టి ఊరుకున్నాడు.

బూదమ్మ ముందు కాలెత్తి పలక మీద ఆనించింది.

"ఆగవమ్మా. నీ గిట్ట కింద ఒకేసారి నాలుగు గళ్ళు నలిగాయి. నేను నొక్కుతాలే. నువ్వు నొక్కినట్టే." టకటకా నాలుగుచోట్ల పంజాతో తాకాడు. "వచ్చిందా?"

"వచ్చింది బాబూ."

"కనబడుతోందా?"

"ఏదో తెల్లగా..."

"వాయిదా గురించి కనబడుతోందా అంటున్నాను."

వెనకనుంచి పోలమ్మ అంది: "బూదమ్మొదినా, కనబడకపోతే కనబడలేదని చెప్పు. నేనొక్కదాన్నంటే చూపు మందమని రాశాడు. ఇద్దరం అంటే ఏం రాస్తాడో చూద్దాం."

బూదమ్మ పోలమ్మ వైపు చూడలేదు. బందెలదొడ్డి ఉన్న వైపు చూసింది.

"బాగుంది బాబూ. సులువుగానే ఉంది."

"ఇక్కడ ముద్ర వెయ్యి."

వేసింది. ఎవరి సాయమూ లేకుండా నా వాయిదా నేను చూసుకోగలను అని ఆ కాగితంలో ఉంది. పోలమ్మ వెళ్ళిపోయింది. ఆ తరువాత వచ్చిన ఎద్దూ, కుందేలూ కూడా, 'గాడిదకే వచ్చింది, మాకు రాలేదంటే నవ్వుతారు' అనుకుని బాగుందనే చెప్పి ముద్రలు వేసి పోయారు.

సోమవారం పలకకు దండ వేశారు. కాటయ్య తిరుగుడు ఆగింది. గుమ్మంలో మూడు పిలుపులు మాత్రం ఉంచారు.

ఆ రోజునుంచి బూదమ్మ రోజూ వరండాకు వెళ్ళింది. గిట్ట అంచుతో తాకింది, మూతితో తాకింది. పలక వెలుగుతుంది, ఏదో అడుగుతుంది, తెల్లబడుతుంది. ఒకరోజు కావిరంగయ్య అటు వెళ్తుంటే అడ్డం నిలబడింది.

"బాబూ, ఆ రోజు నొక్కినట్టు ఇంకొక్కసారి నొక్కి పెట్టవా."

"నేను నొక్కకూడదమ్మా. నోరు మెదపకు, చెయ్యి పెట్టకు అని అయ్యగారి ఆజ్ఞ."

"ఆ రోజు..."

"ఆ రోజు నీకే వచ్చింది కదా. ముద్ర కూడా వేశావు."

తొమ్మిదో రోజున ఎలా తగిలిందో ఏమో, కొత్త పేజీ ఒకటి తెరుచుకుంది. బూదమ్మకు చదువు లేదు గాని వారాల పేర్లు చూస్తే గుర్తుపడుతుంది. పైన ఎర్రగా, పెద్దగా శుక్రవారం అని, దాని పక్కన ఇంకేవో మాటలు ఉన్నాయి. దాని కింద చీమ తలకాయలంత అక్షరాలు ఏవో ఉన్నాయి. వాటితో పనేముంది, వారం దొరికింది చాలనుకుంది. దారంతా శుక్రవారం, శుక్రవారం అనుకుంటూ వెళ్ళింది.

శుక్రవారం ఏట్లో మునిగి, దూదికి ఇష్టమని జొన్న చొప్ప ఒక కట్ట నోట కరుచుకుని కోర్టుకు వచ్చింది. వరండాలో ఎవరూ లేరు. గుమ్మం మీద కాటయ్య ఒక్కడే ఉన్నాడు. దాన్ని చూసి రెక్కలు ముడుచుకున్నాడు.

"ఇవాళెందుకు వచ్చావమ్మా?"

చొప్ప కింద పెట్టి, "నా వాయిదా" అంది బూదమ్మ.

"ఇవాళ పలకకు మరమ్మతు. శుక్రవారం వెబ్‌సైటు పనిచెయ్యదని పెద్దక్షరాలతో పెట్టారు. నీ వాయిదా బుధవారమే అయిపోయింది."

బూదమ్మ పలక వైపు తిరిగింది.

"మూడుసార్లు పిలిచాను. రెండో పిలుపుకూ మూడో పిలుపుకూ మధ్య ఎప్పుడూ ఆగనంత సేపు ఆగాను. నీ పిల్ల కూడా లోపలినుంచి ఓండ్ర పెట్టింది. నువ్వు ఆ దాపుల్లోనే ఉన్నావనుకుంది పాపం."

"ఇప్పుడెక్కడుంది?"

కాటయ్య కొండ వైపు చూశాడు.

బూదమ్మ కోర్టు లోపలికి నడిచింది. సింహం గారు కాగితాలు చూస్తున్నారు. కావిరంగయ్య పక్కన ఉన్నాడు.

"నాకు వారం తెలియలేదు దొరా. ఆ పలక నాకు రాదు."

కావిరంగయ్య కాగితం తీసి ముందు పెట్టాడు. సింహం గారు చూశారు. "సులువుగా ఉందని నువ్వే చెప్పావట. ఇది నీ గిట్ట ముద్ర కాదా?"

"నాదే. నొక్కింది మాత్రం ఆయన."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"రాలేదంటే పిల్లను ఇవ్వరనుకున్నాను."

సింహం గారు ఆ కాగితం పక్కన పెట్టారు. "ఆ రోజు మేం చూడాలనుకున్నది నిన్ను కాదమ్మా. దాన్ని" అని వరండా వైపు చూపించారు. "నీకు రాలేదని నువ్వొక్క మాట అని ఉంటే, వాయిదా ముందు రోజున కాటయ్య నీ పాక మీద వాలేవాడు." తరువాత గుమాస్తా వైపు తిరిగారు. "నీ సంగతి నేను విడిగా చూస్తాను."

కావిరంగయ్య తల వంచుకున్నాడు.

"మరి నా పిల్ల?" అంది బూదమ్మ.

కోర్టు ఇచ్చిన ఉత్తర్వును కోర్టు ఊరికే వెనక్కి తీసుకోవడానికి వీల్లేదన్నారు సింహం గారు. కావిరంగయ్యే తల ఎత్తకుండా అన్నాడు: "అప్పీలు పెట్టుకోవచ్చు. మూడు రోజుల్లోగా. వెబ్‌సైటులోనే పెట్టాలి."

బూదమ్మ వరండాలోకి వచ్చింది. పలక నల్లగా ఉంది. అయినా కాలెత్తి ఆనించింది. ఏమీ వెలగలేదు.

సంగతి విని పోలమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఆ రోజు మాట ఎత్తి దెప్పలేదు. దెప్పి ఉంటేనే బాగుండేదనిపించింది బూదమ్మకు.

"పద వదినా" అంది పోలమ్మ.

"పిలిస్తే పలికేదాన్ని పోలమ్మా."

చొప్ప కట్ట గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

నీతి: అధికారానికి జడిసి రానిది వచ్చిందని చెబితే, రేపు ఆ మాటే మన మీద సాక్ష్యానికి వస్తుంది.

హైమా, తీరికగా ఒకసారి చదివి పేర్లు సరిచూడు తల్లీ. గాడిద బూదమ్మ, మేక పోలమ్మ అనే మొదలుపెట్టాను. మధ్యలో ఎక్కడైనా తారుమారు చేశానేమో. మిగతావి ఎలా ఉన్నా పిల్ల పేరు దూది అన్నది తప్పు పోకుండా చూడు. తప్పు పేరుతో పిలిస్తే ఎవరూ పలకరు.