చుక్క ఆగిన జీపు

“ఇంట్లో గొడవ ఆగిపోతే అది శాంతేనా సామీ?” అని అడిగాడు సన్యాసయ్య. జవాబు తానే తెచ్చుకుని మరీ అడిగాడు. చేతిలో అరటిపళ్ళ అత్తం కూడా ఉంది.

పేరుకి సన్యాసయ్యే గానీ అతను ఇల్లూ వాకిలీ ఉన్న సంసారి. కొండమీద విరూపానంద స్వామి ఆశ్రమానికి ఉన్న ఒకే ఒక్క బండి ఒక పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు. దానికి డ్రైవరూ అతనే, మేస్త్రీ అతనే. ఇంట్లో అతని భార్య పైడమ్మ పొద్దున లేచింది మొదలు సణుగుతూనే ఉండేది. అన్నం వేళకి రాడని, వచ్చినా పలకడని, ఆ జీపుకున్న పాటి విలువ తనకి లేదని. అలాంటి మనిషి నెల రోజులుగా కిక్కురుమనడం లేదు.

“ఒక్క మాటంటే ఒక్క మాట అన్నేదు సామీ. పెట్టింది తిని హాయిగా తొంగుంతన్నాను. అంతా మీ దయ,” అంటూ పళ్ళు స్వామి ముందు పెట్టాడు. అతని కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

స్వామి పళ్ళు ముట్టుకోలేదు. “జీపు కింద నూనె కారుతూ ఉండేది కదా, ఎలా ఉంది?” అన్నారు.

ఆ జీపు ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ బలం పంచే ఇనుప పెట్టె, ఎప్పటినుంచో కారుతోంది. సన్యాసయ్య బోల్టులు బిగించేవాడు, పేస్టు పులిమేవాడు, వచ్చేపోయే భక్తులకి కనబడకుండా మరక మీద ఇసుక చల్లేవాడు. స్వామి ఆ మాట ఎత్తగానే అతని మొహం ఇంకాస్త విప్పారింది. “అదీ ఆగిపోనాది సామీ. వారమై నేల మీద చుక్క నేదు.”

“అయితే ఘాటు రోడ్డు దిగేముందు ఒకసారి మూత తీసి చూడు.”

సన్యాసయ్య జీపు కిందికి దూరి, పెట్టె పక్కనున్న మూత విప్పి వేలు పెట్టాడు. తడవాల్సిన వేలు పొడిగా బయటికొచ్చింది. సంతకి జనాన్ని ఎక్కించుకుని ఘాటు దిగాల్సిన బండి అది. కారడానికి లోపల ఏమీ మిగల్లేదు, అందుకే ఆగింది.

ప్రయాణం మాని పనిలోకి దిగాడు. నూనె ఆపే రబ్బరు సీళ్ళు అరిగిపోతే పీకి కొత్తవి వేశాడు. పెట్టె నెత్తిన ఉన్న గాలి గొట్టం బురదతో పూడిపోయి ఉంటే తీగతో పొడిచి శుభ్రం చేశాడు. కొత్త నూనె నిండుగా పోశాడు. గట్టుమీద కూర్చుని చూస్తున్న స్వామి, “ఆ గొట్టం ఎందుకు?” అని మాత్రం అడిగారు.

“లోపల ఏడెక్కితే ఊపిరొదలడానికి సామీ. ఇది మూసుకుపోతే ఎన్ని సీళ్ళేసినా నూనె ఆగదు. కారీ కారీ ఆకరికి...” సన్యాసయ్య ఆ మాట పూర్తి చెయ్యలేదు. పానా పక్కన పెట్టేశాడు. “సామీ, నాను ఇంటికి పోయొత్తాను,” అన్నాడు.

ఇంట్లో తలుపు వెనక పైడమ్మ బట్టలు సర్దిన సంచీ కనిపించింది. అది ఎన్నాళ్ళనుంచి అక్కడుందో అతనికి తెలీదు. భయం వేసింది. పొయ్యి దగ్గరున్న భార్య ఎదుట చతికిలబడి, “ఏటైనా అను, పైడీ,” అన్నాడు.

ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసింది. అతను లేవలేదు. “ఏటనమంతావు? అనీ అనీ ఇసుగెత్తిపోనాది,” అంది చివరికి.

“ఆ ఇసుగే సెప్పు.”

మర్నాడు సన్యాసయ్య ఆశ్రమానికి ఆలస్యంగా వచ్చాడు. చేతిలో పళ్ళూ లేవు, పూలూ లేవు. వచ్చీ రాగానే స్వామి కాళ్ళ మీద పడ్డాడు. “దీపాలెట్టిన కాడ్నుంచి కంచాలు కడిగీదాకా తిట్టింది సామీ. నాను మర్సిపోయినవి కూడా తవ్వి తీసింది. మద్దిలో ఏడిసింది. పొద్దున సూత్తే సంచీలో బట్టలు దండెం మీదున్నాయి. మీ రునం తీర్సుకోనేను.”

స్వామి నిన్నటి అత్తంలోంచి ఒక పండు తుంచుకుని నెమ్మదిగా తొక్క ఒలిచారు.

“అయితే నూనె ఉందన్నమాట,” అన్నారు.