ఫ్లెక్సీ మీది సుబేదారు

ఒక ఊళ్లో రాజుల కాలం నాటి మహల్ ఉంది. వానకు కురుస్తోందని దాన్ని బాగుచేయడం మొదలుపెట్టారు. చుట్టూ ఇనుప గొట్టాలతో పరంజా కట్టారు. చూడవచ్చినవాళ్లకు గొట్టాలు కనపడితే బాగుండదని, మహల్ ఫొటోను మహల్ అంత ఫ్లెక్సీ మీద అచ్చువేయించి ముందు వేలాడదీశారు. దూరపు కొండలు నునుపన్నట్టు, రోడ్డు మీంచి చూస్తే అసలు మహల్ కంటే బొమ్మ మహలే బాగుంది.

ఫొటో తీసిన రోజు కాపలా కుక్క సుబేదారు ద్వారం పక్కన పడుకుని ఉన్నాడు. ఎవరూ లేపలేదు. దాంతో వాడూ అచ్చయిపోయాడు. ఎడమ చెవి మడిచి, తోక కాళ్ల చుట్టూ తిప్పుకుని, ఉన్నది ఉన్నంత సైజులో.

ఫ్లెక్సీ వెనక, ద్వారం పైనున్న గూట్లో కువలమ్మ అనే పావురం కాపురం. ఇద్దరు పిల్లలు, ఇంకా రెక్కలు రాలేదు. గాలి పోవడానికి ఫ్లెక్సీకి అక్కడక్కడా చీలికలు కోశారు. వాటిలో ఒకటి ఆమెకు కిటికీ.

ఆ కిటికీలోంచే ఆమె పిల్లి మీగడమ్మను చూసింది. మూడు రోజులు మీగడమ్మ బొమ్మ కుక్కకు జడిసి ఆమడ దూరంలో ఆగిపోయింది. నాలుగో రోజు ఒక ఈగ వచ్చి బొమ్మ ముక్కు మీద వాలింది. ముక్కు కదల్లేదు. మీగడమ్మ తల పక్కకు వంచి చాలాసేపు చూసింది.

"ఈగను తోలలేనిది కుక్కేమిటి?" అనుకుని, బొమ్మ పక్కన కూలీలు దూరే సందులోంచి లోపలికి వచ్చి, పరంజా ఎక్కింది.

"ఏం వదినా, పిల్లలు కులాసానా?"

కువలమ్మ రెక్కలు విప్పి పిల్లల్ని కప్పింది. "పసిగుడ్లు వదినా. దయ ఉంచు."

"దయ ఉండబట్టేగా చూసి పోతున్నా. ఎముకలు తప్ప ఏముంది వీళ్లలో? కడుపునిండా పెట్టు. శుక్రవారానికి ఒళ్లు చేస్తారు."

ఆనాటి నుంచి కూలీలు అన్నాలకు పోయే వేళకు మీగడమ్మ రోజూ వచ్చేది. వస్తూ వస్తూ బొమ్మ ముక్కు మీద తట్టేది. "ఏం సుబేదారూ, డ్యూటీలోనే ఉన్నావా?" అనేది. పిల్లికి చెలగాటం అంటారే, అదే.

గురువారం కువలమ్మ సున్నం గానుగ దగ్గరికి ఎగిరింది. ముసలి ఎద్దు బసవన్న సున్నం రుబ్బుతూ గుండ్రంగా తిరుగుతున్నాడు. అసలు సుబేదారు పక్కనే నీడలో పడుకున్నాడు.

"సుబేదారు బాబూ, నీ చోటికి రా. పిల్లి రోజూ వస్తోంది."

"అక్కడ నేనున్నాగా," అన్నాడు వాడు కన్ను తెరవకుండా. "నిన్న ఎవరో నా పక్కన నిలబడి సెల్ఫీ కూడా దిగారు. నాకంటే వాడే నయం. అన్నం అడగడు."

"వాడి ముక్కు మీద తట్టి మరీ పోతోంది."

సుబేదారు కళ్లు తెరిచాడు. "ఎవరి ముక్కు?"

"నీదే," అన్నాడు బసవన్న నడక ఆపకుండా. "అచ్చులో ఉన్నా ముక్కు ముక్కేరా."

"పేరు పెట్టి పిలుస్తుందా?"

"పిలుస్తుంది. డ్యూటీలో ఉన్నావా అని కూడా అడుగుతుంది," అంది కువలమ్మ.

సుబేదారు లేచి దులుపుకున్నాడు. "రేపు దాని సంగతి చూస్తా. దూరం నుంచే మొరుగుతూ వస్తా."

"నువ్వు మొరిగితే అది పైకి ఎక్కుతుంది బాబూ. పైన ఉన్నది నా పిల్లలు."

బసవన్న ఒక చుట్టు పూర్తిచేసి వచ్చి అన్నాడు:

"నీకు బాగా చేతనైన పనే చెయ్యరా. వెళ్లి పడుకో."

శుక్రవారం సుబేదారు తన బొమ్మ ముందు, బొమ్మను పూర్తిగా కప్పేస్తూ పడుకున్నాడు. కువలమ్మ పైనుంచి సరిచేసింది. "ఎడమ చెవి మడిచి ఉంచు. ఇంకొంచెం. తోక ఇటు."

"ఎంతసేపు ఇలా?"

"బొమ్మ నెల రోజుల నుంచీ అలాగే ఉంది బాబూ. నువ్వు ఒక్క పూట ఉండు."

మీగడమ్మ వచ్చింది. నాలుగు అడుగుల దూరంలో ఆగింది. బొమ్మ ఇవాళ కాస్త ముందుకు వచ్చినట్టుంది. "ఎండకు ఫ్లెక్సీ ఉబ్బింది కాబోలు," అనుకుంది. అనుకుందే గానీ అడుగు వేయలేదు.

అప్పుడు ఒక ఈగ వచ్చి సుబేదారు ముక్కు మీద వాలింది.

కువలమ్మ చీలికలోంచి చూస్తోంది. ఈగ ముక్కు మీంచి కంటి కొస దాకా నడిచింది. అక్కడ నిలబడి చేతులు రుద్దుకుంది. మళ్లీ తాపీగా ముక్కు మీదికి వచ్చింది. పుట్టిన నాటి నుంచీ దేనికీ ఓర్చుకోని సుబేదారు దానికి ఓర్చుకున్నాడు. ముక్కు కదల్లేదు.

మీగడమ్మ నవ్వుకుంది. దగ్గరికి వచ్చి, ఈగను తోలి, ముక్కు మీద తట్టింది.

"ఏం సుబేదారూ, డ్యూటీలోనే..."

పంజా తడిగా తగిలింది. నిన్నటి దాకా ఆ ముక్కు పొడిగా ఉండేది. పంజా వంక చూసుకుంది. తల ఎత్తేసరికి రెండు కళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"డ్యూటీలోనే ఉన్నా వదినా," అన్నాడు సుబేదారు.

సందుకు వాడు అడ్డం. పైన మహల్ కిటికీ ఒకటి బార్లా తెరిచి కనపడింది. మీగడమ్మ అందులోకి ఒక్క దూకు దూకింది. కిటికీ కూడా అచ్చువేసిందేనని ఆ పిల్లికి తెలిసినంతగా ఊళ్లో ఎవరికీ తెలియదు. భయంలో గుర్తు రాలేదు. గోళ్లతో ఫ్లెక్సీని బారెడు చీల్చుకుంటూ జారి, సుబేదారు నోటికి తోక వెంట్రుకలు కొన్ని అప్పజెప్పి, గానుగ మీదుగా పరుగెత్తింది. బసవన్న కాలెత్తి దారి ఇచ్చి, మళ్లీ నడక సాగించాడు.

మహల్ పని పూర్తయింది. ఫ్లెక్సీ దించేశారు. కువలమ్మ పిల్లలు ఇప్పుడు బియ్యం మిల్లు దాకా ఎగిరిపోయి గింజలు తిని వస్తున్నారు. సుబేదారు ద్వారం పక్కనే పడుకుంటున్నాడు, అడక్కపోయినా ఎడమ చెవి మడిచి.

మీగడమ్మ చేపల బజారుకు మకాం మార్చింది. అక్కడి సందులో గోడ మీద పాత సినిమా పోస్టర్ ఉంది. హీరో పక్కన కుక్క. హీరోను మేకలు తినేశాయి, కుక్క మిగిలింది. మీగడమ్మ ఆ సందులోంచి పోదు. నాలుగు వీధులు చుట్టి పోతుంది.

ఈగను తోలనంత మాత్రాన కుక్క బొమ్మ కాదు.