దీవికి ఎదురుగా విన్యాసాలు

నౌకాదళపతి సిరినాగుడికి కొన్నాళ్లుగా అన్నం సయించడం లేదు. రాజుగారి ఆజ్ఞ వచ్చింది. పగవాళ్ల దీవికి ఎదురుగా ఓడలన్నీ తీసుకెళ్లి, యుద్ధ విన్యాసాలు చేసి రావాలి. యుద్ధం చెయ్యక్కర్లేదు. మన బలం వాళ్ల కంటపడితే చాలు.

అతను సముద్రం పక్కన కొండమీదున్న విహారానికి వెళ్లాడు. తనకు చదువు చెప్పిన ధమ్మనంది భిక్షువు ముందు కూర్చున్నాడు.

"అన్నీ ఆలోచించాను, భంతే. బాణాలకు మొనలు ఊడదీయించాను. వాళ్ల ఒడ్డుకు ఆమడ దూరంలోనే ఆగుతాం. ప్రమాదం తక్కువే. అయినా మనసు ఒప్పుకోవడం లేదు."

"ముందు భోంచెయ్యి," అన్నాడు గురువు.

సిరినాగుడు తినబోయాడు. గురువు మూలనున్న కట్టెలు కొట్టే కత్తి అందుకుని, అతని చుట్టూ తిరుగుతూ గాలిలో విసరసాగాడు. తిరిగేకొద్దీ దగ్గరవుతున్నాడు. కత్తి చెవి పక్కనుంచి రివ్వున పోయింది.

సిరినాగుడి చెయ్యి దానంతటదే లేచింది. ముసలాయన వెళ్లి గోడకు కొట్టుకున్నాడు. నుదురు చిట్లింది.

"అయ్యో, భంతే! ఎంత పని చేశాను!"

"నేను చేసింది విన్యాసమే," అన్నాడు గురువు నెత్తురు తుడుచుకుంటూ. "నేనెవరో నీకు తెలుసు. అయినా కొట్టావు. ఆ ఒడ్డున కాపలా ఉన్నవాడికి నువ్వెవరో తెలీదు."

సిరినాగుడు తిన్నగా రాజు దగ్గరికి వెళ్లి, ఈ పని వద్దని వేడుకున్నాడు. రాజు నవ్వాడు.

"భయమైతే నువ్వు ఉండిపో. నీ కింది దళపతి ఉగ్రకేతుణ్ణి పంపిస్తాను."

సిరినాగుడు మళ్లీ కొండెక్కాడు.

"నేను మానేస్తే ఉగ్రకేతుడు వెళ్తాడు, భంతే. అతను మొనలు ఊడదీయడు, దూరంగానూ ఆగడు. నన్నేం చెయ్యమంటారు?"

గురువు సముద్రంకేసి చూశాడు.

"నాకు తెలీదు, నాయనా."

ఆ మాట ఆయన నోట సిరినాగుడు అంతవరకూ వినలేదు.

చివరికి సిరినాగుడే వెళ్లాడు. అనుకున్న చోటే ఓడలు ఆపాడు. తెల్లవారుతూనే మంచు కమ్మింది. వరస తప్పకుండా ఉండేందుకు ఓడల మీద భేరీలు మోగించారు. మంచులో ఆ చప్పుడు దీవివాళ్లకు మరీ దగ్గరగా వినిపించింది. వాళ్ల పడవలు నిప్పు బాణాలతో దూసుకొచ్చాయి. సిరినాగుడు చేతులూపుతూ అరిచాడు. ఎవరికీ వినపడలేదు. తెరచాపలు అంటుకున్నాయి. కాలుతున్న ఓడలు దారి తప్పి ఆ పడవల మీదే పడ్డాయి. మంచు విడేసరికి నీళ్ల మీద రెండువైపులవాళ్లూ తేలుతున్నారు.

కాలిన తెరచాపతో మిగిలిన ఒక్క ఓడలో సిరినాగుడు నాలుగోరోజుకు తిరిగొచ్చాడు. అప్పటికే కొండ కింద ఒడ్డుకు శవాలు కొట్టుకొస్తున్నాయి. భిక్షువులు ఇసుకలో గోతులు తవ్వుతున్నారు. ధమ్మనంది కూడా మోకాలిలోతు నీళ్లలో ఉన్నాడు.

"ముందు బాణం వేసింది వాళ్లే, భంతే," అన్నాడు సిరినాగుడు.

గురువు ఒక శవం చంకల కింద చేతులు పెట్టి ఎత్తబోయాడు. బరువు ఆపలేకపోయాడు. శవం ముఖం ఉబ్బిపోయింది. ఒంటిమీద గుడ్డ లేదు.

సిరినాగుడు ఆ ముఖంలోకి వంగి చూశాడు. పక్కనున్న ముఖం చూశాడు. దాని పక్కది చూశాడు.

"వీళ్లలో మనవాళ్లెవరు, భంతే?"

"కాళ్లు పట్టుకో," అన్నాడు గురువు.