ముందే గీసిన గీతలు

అనగనగా ఒక దట్టమైన అడవి, ఆ అడవి మొత్తానికీ ఒకటే ధర్మాసుపత్రి. అందులో ముప్పై మంచాలు, వాటి మీద అరవై మంది రోగులు. మంచానికి ఇద్దరా అని అడక్కండి, పిల్లలూ. అక్కడ అంతే!

ఆ అరవై మందికీ నర్సు ఒక్కతే. నీలవేణి అనే ముంగిస. మొదట్లో ముగ్గురుండేవారు. కొంగ నర్సుని ఏనుగు మహారాజుగారి అత్తగారి కాళ్ళు పిసకడానికి కోటకు పిలిపించారు. పావురం నర్సుని ఆవిడకు విసరడానికి పిలిపించారు. వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు. "సిస్టరమ్మా, నీళ్ళు!" అని ఒకరు, "సిస్టరమ్మా, కట్టు ఊడింది!" అని ఒకరు, "సిస్టరమ్మా, పక్కవాడు తన్నుతున్నాడు!" అని ఇంకొకరు. పాపం, నీలవేణి ఒక్క చోట నిలబడితే ఒట్టు.

ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉండేది. ప్రతి రోగి తల దగ్గరా ఒక పలక వేలాడుతుంది. మందు వేశాక నర్సు దాని మీద గీత గీయాలి. రోజుకు మూడు మందులు, మూడు గీతలు. తనిఖీకి వచ్చే నక్కగారు రోగుల మొహాలు చూడరు, పలకలు చూసుకుని పోతారు. నీలవేణి ఒక్కతే అయ్యాక గీతలు తప్పసాగాయి. పెద్ద డాక్టరు ఎలుగుబంటికి మాట పడటం ఇష్టం లేదు.

"పొద్దున్నే అందరి పలకల మీదా మూడేసి గీతలు గీసి పారెయ్యమ్మా. ఓ పనైపోతుంది" అన్నాడు.

తప్పని తెలిసినా నీలవేణి గీసింది. అలసిపోయి ఉంది మరి.

ఒక మధ్యాహ్నం ముసలి దుప్పి చంద్రయ్యకు గుండె మందు వేసింది. ఆ మందు ఒక చెంచా అయితే ప్రాణం నిలుపుతుంది, రెండైతే ప్రాణం తీస్తుంది. అంతలో ఆ చివర కుందేలు మంచం మీంచి పడింది. దాన్ని లేపి పడుకోబెట్టేసరికి ఇంకెవరో వాంతి చేసుకున్నారు. అది తుడిచి ఇటు తిరిగింది. చంద్రయ్యకు మందు వేశానా, లేదా? ఎంతకీ గుర్తు రాలేదు. పలక చూసింది. మూడు గీతలూ ఉన్నాయి. ఎందుకుండవు? పొద్దుటినుంచీ ఉన్నాయి!

"తాతా, నీకు మందు వేశానా?" అని అడిగింది.

"ఏమో తల్లీ, వేస్తే వెయ్యి" అన్నాడు చంద్రయ్య నిద్రమత్తులో.

వెయ్యలేదనుకుని ఇంకో చెంచా పోసింది.

కాసేపటికే చంద్రయ్య కాళ్ళు చల్లబడ్డాయి. నీలవేణి గబగబా ఉప్పునీళ్ళు పట్టించి మందు కక్కించింది. కాళ్ళు రుద్దింది. "తాతా! తాతా!" అని పిలుస్తూనే ఉంది. చాలాసేపటికి చంద్రయ్య దగ్గి, కళ్ళు తెరిచాడు.

"ఎందుకమ్మా అంత అరుపు? నాకేం చెవుడు లేదు" అన్నాడు.

నీలవేణికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఆమె తిన్నగా ఎలుగుబంటి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పింది. "ముసలాడు సొమ్మసిల్లాడని రాద్దాం. బయటికి పొక్కితే ముందు పోయేది నీ ఉద్యోగమే" అన్నాడు ఎలుగుబంటి. నక్కకు చెప్పింది. "పలకలన్నీ చక్కగా ఉన్నాయిగా! ఇంక తప్పెక్కడ?" అన్నాడు నక్క.

మర్నాడు నెలనెలా వచ్చే ఏనుగు మహారాజు ఆసుపత్రి చూడటానికి వచ్చాడు. పలకలన్నీ చూసి, "భేష్! ఒక్క గీత తప్పలేదు. డాక్టరుగారికి శాలువా కప్పండి" అన్నాడు.

నోరు విప్పితే నీలవేణి ఉద్యోగం పోతుంది. మూసుకుంటే ఇవాళ కాకపోతే రేపు ఇంకొకరి ప్రాణం పోతుంది. ఒక్క అడుగు ముందుకేసింది.

"మహారాజా, ఆ గీతలు అబద్ధం. గీసింది నేనే. నిన్న చంద్రయ్య తాతను చంపినంత పని చేశాను. నన్ను శిక్షించండి. కానీ నా చోట ఎవరిని పెట్టినా, అరవై మందికి ఒక్కరే అయితే మళ్ళీ ఇదే జరుగుతుంది."

"మిగతా నర్సులేరి?" అన్నాడు మహారాజు కోపంగా.

"తమ అత్తగారి సేవలో ఉన్నారు, మహారాజా."

ఎలుగుబంటి గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. ఊగుతున్న మహారాజు చెవులు ఆగిపోయాయి. అప్పుడు చంద్రయ్య మంచం మీంచి మెల్లగా లేచాడు.

"మారాజా, ఈవిడ చేతిలోనే పోబోయాను, ఈవిడ చేతిలోనే బతికాను. చెప్పకపోతే నాకూ తెలిసేది కాదు. ఈవిడని మాత్రం పంపెయ్యకండి."

మహారాజు పెద్దగా నిట్టూర్చాడు. "మా అత్తగారికి కాళ్ళ నొప్పులేం లేవమ్మా. ఊసుపోక పిలిపించుకుంది. నేనూ ఆవిడకి భయపడి ఊరుకున్నాను. ముందు తప్పు నాది" అన్నాడు.

శాలువా మడతపెట్టి లోపల పెట్టేశారు. మందు గొంతు దిగాకే గీత గీయాలని ఆజ్ఞ అయింది. నెల్లాళ్ళు ఎలుగుబంటి కూడా చెంచా పట్టుకుని మంచం మంచానికీ తిరగాలన్నారు. నక్క ఇకమీదట రోగులను పలకరించాకే వెళ్ళాలన్నారు. మధ్యాహ్నానికల్లా కొంగ, పావురం వచ్చేశారు. వాళ్ళ వెనకే మరో నలుగురు కొత్త నర్సులు!

"అక్కా, కాసేపు కూర్చో. మేం చూసుకుంటాం" అంది పావురం.

నీలవేణి గోడకు ఆనుకుని కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది.

"ష్! సిస్టరమ్మ పడుకుంది" అన్నాడు చంద్రయ్య. ఆ పూటంతా అరవై మందీ గుసగుసగానే మాట్లాడుకున్నారు.

నీతి: దాచిన తప్పు మళ్ళీ జరుగుతుంది. దాన్ని ధైర్యంగా బయటపెట్టినవాళ్ళను కాపాడుకోవడం, వాళ్ళ భారం తగ్గించడం పెద్దల పని.