పొగగొట్టాలు లెక్కపెట్టిన నక్క

ఇంగ్లండులో పాతకాలపు దొరగారి మేడ ఒకటుండేది. ఎంత మేడనుకున్నారు? తూర్పు కొసన కిటికీలు తెరవడం మొదలుపెట్టిన నౌకరు పడమటి కొసకు చేరేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. ఎదురుగా సరస్సు. ఈ ఒడ్డున తుమ్మితే ఆ ఒడ్డున మర్నాడు వినబడేది. నడుమంతా దువ్వెనతో దువ్వినట్టుండే పచ్చిక.

మేడ ముందు పొదలో ఒక బాతు కాపురం. బొద్దు మనిషి, ఎగరలేదు. ఆ పొద్దునే గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి, ఇంకా తడైనా ఆరలేదు. దొరగారింట అంతా భోజనాల దగ్గరుండగా, వంటింటి వెనక సందులోంచి ఒక నక్క వచ్చి పొదకు అడ్డంగా నిలబడింది. బాతు పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

నక్క తీరిగ్గా మీసం సవరించుకుంది. కోళ్ళగూళ్ళ వెంట తిరిగే అలగా రకం కాదట తను. ఇంత మేడ ముందు పిల్లాజెల్లాతో సహా బాతుని భోంచేశానని అడవిలో చెప్పుకోవాలట.

"చెప్పుకో బావా, వద్దన్నానా," అంది బాతు. "కానీ మేడకి పొగగొట్టాలెన్నని మీవాళ్ళు అడుగుతారే, ఏం చెబుతావు?"

నక్క తలెత్తి చూసి, నాలుగంది.

"ఇంకెక్కడా ఆ మాట అనకు, పరువు పోతుంది. దగ్గరుంటే గోడే అడ్డం. వెనక్కి జరిగి చూడాలి. ఇక్కడికొచ్చే చుట్టాలందరూ అలాగే చూస్తారు."

కదిలావో చూడు అని బెదిరించి, నక్క వెనక్కి జరిగింది. గోడ వెనకనుంచి ఇంకో గొట్టం లేచింది. ఇంకాస్త జరిగితే ఒక వరసే లేచింది, ఒక్కోదానిదీ ఒక్కో చెక్కడం, జడలు అల్లినట్టు. నక్క నోరు తెరుచుకుంది. ఆకలి ఎటు పోయిందో.

"నడిమి గుమ్మటం ఇంకా కనబడలేదు నీకు," అంది బాతు. అబద్ధం కాదు. ఆ మేడంటే దానికీ వల్లమాలిన గర్వం.

గుమ్మటం కోసం నక్క మరో అడుగు వెనక్కి వేసింది. అక్కడ నేల లేదు.

గొర్రెలు మేడ దాకా రాకుండా కంచె వేస్తే చూపుకి అడ్డమని, దొరగారి తాతలు పచ్చికకు అడ్డంగా ఈ కొసనుంచి ఆ కొసకు లోతుగా గొయ్యి తవ్వించి, మేడవైపు నిలువుగోడ కట్టించారు. మేడ ముందు నిలబడితే గొయ్యే కనబడదు, పచ్చిక సరస్సు దాకా ఒకటే పరుపు. ఏం బుర్రలమ్మా అవి! ఆ గోడ నీడన పొట్టేళ్ళు కునుకు తీస్తున్నాయి. నక్క వాటి మీద పడింది.

అవి దాన్ని కొమ్ముల మీద ఒకదానికొకటి అందించుకుంటూ సరస్సు దాటించాయి. ఆ కేక మూడు జిల్లాలు విన్నాయి.

బాతు గోడ అంచు దాకా నడిచొచ్చి తొంగి చూసింది. "గుమ్మటం కనబడిందా బావా?"

గొప్పలు చెప్పుకోవడానికే చూసేవాడికి తన కాళ్ళెక్కడున్నాయో తెలియదు.