దరువు పాడని పాత్ర

పులివాగు రాజు జగ్గభూపతికి భాగవతుల ఆటంటే ప్రాణం. ప్రవేశ దరువు మొదలైతే మాత్రం నిద్ర ముంచుకొచ్చేది.

ఆయన తప్పేం లేదు. ఆటలో ప్రతి పాత్రా ముందు తెర వెనక నిలబడి, "నేనే ఫలానా, దానంలో ఇంతటివాణ్ణి, ధైర్యంలో అంతటివాణ్ణి" అంటూ తన గొప్ప తానే పాడుకోవాలి. దాన్నే ప్రవేశ దరువంటారు. పది పాత్రలుంటే పది దరువులు. కథ మొదలయ్యేసరికి రాజుగారు రెండు కునుకులు తీసి లేచేవారు.

అది చూసి చూసి మేళం పెద్ద ఎర్రప్ప ఒకనాడు తెగించాడు. తెరా లేదు, దరువూ లేదు. పాత్రను నేరుగా సభలోకి పంపేశాడు. రాజుగారు హుషారుగా ముందుకు జరిగి కూర్చున్నారు.

ఆస్థాన పండితుడు శేషభట్టు మాత్రం ఒక్క ఉదుటున లేచాడు.

"అపచారం ప్రభూ! దరువు లేకపోతే వచ్చినవాడు దాతో దొంగో ఎలా తెలుస్తుంది? శాస్త్రం తప్పిన మేళానికి ఇక్కడ చోటుండకూడదు. గజ్జెలు లాక్కుని పొలిమేర దాటించండి!"

శాస్త్రం మాట వస్తే రాజుగారు కాదనలేరు. మేళాన్ని పంపేయడానికీ మనసొప్పదు. కాసేపు మీసం దువ్వుకుని ఒక మెలిక పెట్టారు.

"ఎర్రప్పా, రేపు ఉదయం ఒక పాత్రను తీసుకురా. వాడి పేరు చెప్పకూడదు, దరువు పాడకూడదు, వాడెలాంటివాడో మీ మేళంలో ఎవరూ చెప్పకూడదు. అయినా వాడి సంగతి శేషభట్టుగారికి తెలిసినట్టు ఆయన నోటే రావాలి. వస్తే మీకు ఇక అడ్డులేదు. రాకపోతే గజ్జెలు అప్పగించి వెళ్ళిపోవాలి."

ఎర్రప్ప మేళంలో పదిహేడు మంది. అందరికీ ఆ గజ్జెలే కూడు. పాపం, అతను కొలువు ముగియగానే పోయి రాజుగారి తాంబూలం పెట్టె మోసే కూచన్నను పట్టుకున్నాడు. కూచన్న చేసేది ఆకులు చుట్టే పనే గాని, ఆ చుట్టేటప్పుడు చుట్టూ ఎవరేం చేస్తున్నారో ఒక్కటీ వదలడు.

"సామీ, ఎంత బాగా ఆడినా ఆ భట్టుగారు 'తెలిసింది' అంటాడా? మా పని అయిపోయినట్టే!"

"చచ్చినా అనడు. అందుకే ఆయన్ని అనమని అడగకూడదు. ఇలా రా," అని కూచన్న అతని చెవిలో ఏదో ఊదాడు. ఎర్రప్ప ముందు భయపడ్డాడు, తర్వాత పగలబడి నవ్వాడు.

మర్నాడు సభ కిటకిటలాడింది. ఎర్రప్ప కిరీటం, భుజకీర్తులు ఏమీ లేకుండా, మామూలు పంచె కట్టి వచ్చి నిలబడ్డాడు. మేళంలోనివాడే ఒకడు అతిథిగా వచ్చాడు.

"రండి, రండి! ఇల్లు మీదే అనుకోండి!" అంటూ ఎర్రప్ప లేని తలుపును కాలితో మెల్లగా మూయబోయాడు.

"కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాడు అతిథి.

"నీళ్ళా? ఎంతమాట! ఏమేవ్, అయ్యగారికి చిక్కటి మజ్జిగ!" అని లోపలికి కేకేసి, వీపు వెనక చెయ్యి అడ్డంగా ఊపాడు. మజ్జిగ రాలేదు. "అయ్యో, పిల్లి ముట్టిందట! పోనీ, నేను రాసిన పద్యం ఒకటి వినండి."

ఒకటి పదైంది. అతిథి దాహంతో గొంతు పట్టుకున్నాడు.

"ఆహా! రసం తలకెక్కి గొంతు పూడుకుపోయింది. మీరయ్యా రసికులు!" అని ఇంకో పది అందుకున్నాడు. చివరికి తాంబూలం తీసి, లేతాకు తన నోట్లో వేసుకుని, వాడిన ఆకు అతిథి చేతిలో పెట్టాడు.

సభ గొల్లుమంది. రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ అడిగారు.

"భట్టుగారూ, ఇతనెలాంటివాడు?"

శేషభట్టు మొహం ఎర్రగా కందిపోయింది. అయినా పట్టు వదల్లేదు.

"నాకేం తెలుసు ప్రభూ? దరువు పాడలేదుగా."

ఎర్రప్ప గజ్జెల మూట అందుకోబోయాడు. కూచన్న మాత్రం చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"పండితులవారికే తెలియకపోతే మాబోటివాళ్ళమే ఏదో ఒకటి అనుకోవాలి. దివాన్‌గారూ, తమరేమంటారు?"

"పచ్చి పీనాసి!" అన్నాడు దివాను.

శేషభట్టు పెదవి కొరుక్కున్నాడు.

"అతిథికి తలుపేసిన దుర్మార్గుడు!" అన్నాడు సేనాపతి.

శేషభట్టు పీట మీద కదిలాడు.

"నాకు మాత్రం ఆ పద్యాలు కూడా ఎవరి దగ్గరో ఎత్తుకొచ్చినట్టు అనిపించింది," అన్నాడు కూచన్న తాపీగా.

అంతే! శేషభట్టు పీట తన్నేసి లేచాడు.

"ఎత్తుకొచ్చాడా? నోర్ముయ్‌రా! ప్రతి అక్షరం ఆయన సొంతం, పన్నెండేళ్ళు రాత్రింబవళ్ళు కూర్చుని రాశాడు! పీనాసా? రోజుకు ఇరవైమంది వచ్చి పడుతుంటే, అందరికీ మజ్జిగ పోస్తే ఇంట్లోవాళ్ళేం తాగాలి? తలుపేసింది చలిగాలికి ఉబ్బసం వస్తుందని! లేతాకు తిన్నది దవడపళ్ళు రెండు ఊడిపోయి నమల్లేక!"

కూచన్న వినయంగా వంగి దణ్ణం పెట్టాడు.

"స్వామీ, దరువు లేకుండానే ఆయన ఊడిన పళ్ళదాకా అన్నీ తెలిసిపోయాయే!"

శేషభట్టు చెయ్యి తనకు తెలియకుండానే దవడ మీదికి వెళ్ళింది. అది చూసి రాజుగారు సింహాసనం మీదే పొట్ట పట్టుకుని వంగిపోయారు. సేనాపతి నవ్వలేక స్తంభానికి ఆనుకున్నాడు. ఎర్రప్ప నవ్వుతూనే ఏడ్చేశాడు.

రాజుగారు ఊపిరి తీసుకుని, తన భుజం మీది జరీ శాలువా తీసి కూచన్నకు కప్పారు.

"ఎర్రప్పా, గజ్జెలు కట్టుకో. ఆట మొదలుపెట్టించు. ఇవాళ నాకు నిద్ర రాదులే!"